కొత్త సిస్టమ్ కొనే ముందు పాతదాని సైడ్ డోర్ తీసి చూడండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా బావమరిది పట్టుకున్నాడు, "బావా సిస్టమ్ ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా రౌండ్ తిరుగుతానే ఉంటది, దీన్ని తీసేసి కొత్తది కొందామనుకుంటున్నా, షాపాయన ఐ7 సిస్టమ్ మంచి రేటుకి ఇస్తానంటున్నాడు" అని. నేను డబ్బులు ఇప్పుడే ఇవ్వకురా నాయనా అని చెప్పి ముందు టాస్క్ మేనేజర్ ఓపెన్ చేయించా. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కొడితే వస్తది, అందులో పెర్ఫార్మెన్స్ అని ఉంటది చూడండి. ప్రాసెసర్ వాడకం పది శాతం కూడా లేదు, మెమరీ 90 దాటింది, డిస్క్ మాత్రం ఎర్రగా 100 దగ్గర కూర్చుని కదలట్లేదు. పాపం ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని హార్డ్ డిస్క్ ఎప్పుడిస్తదా అని ఎదురుచూస్తా ఉంది, దానికి మావాడు ప్రాసెసర్ మార్చడానికి రెడీ అయ్యాడు.

అందుకే ఇది రాస్తున్నా. ఇంట్లో డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళలో చాలామందికి కొత్తది అక్కర్లేదు, ఏది అడ్డం పడుతుందో కనిపెట్టి అదొక్కటే మారిస్తే సరిపోద్ది. నిజంగానే మార్చాల్సి వస్తే మాత్రం ఎలా కొనాలి, ఎలా బిగించాలి అనేది కూడా కింద రాశా, ఓపిగ్గా చదవండి.

ముందు ఐ7 సంగతి తేల్చేద్దాం ఎందుకంటే జనం ఎక్కువ మోసపోయేది ఇక్కడే. ఐ7 అనగానే గొప్పది అనుకుంటాం, షాపులో కూడా "ఐ7, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ" అని బోర్డు పెడతారు గానీ దాని తర్వాత వచ్చే నంబర్ చెప్పరు. అడగండి. ఐ7-2600 అన్నారనుకోండి, అందులో మొదటి అంకె 2 కదా, అంటే రెండో జనరేషన్, 2011 జనవరిలో వచ్చిన చిప్. ఐ5-4460 అయితే నాలుగో జనరేషన్, ఐ3-12100లో ఐదంకెలు కాబట్టి మొదటి రెండూ చూడాలి, అంటే పన్నెండోది, 2022లో వచ్చింది. ఈ 12100 పేరుకి ఐ3 అయినా ఒక్కో కోర్ స్పీడ్ ఆ పాత ఐ7 కంటే దాదాపు రెట్టింపు ఉంటది, కోర్లు రెండింట్లోనూ నాలుగే. అంటే మావాడు తన దగ్గరున్న 2014 నాటి ఐ5-4460 తీసేసి, షాపాయన ఇస్తానన్న 2011 నాటి ఐ7-2600 తెచ్చుకోబోయాడు, డబ్బులిచ్చి మరీ వెనక్కి నడవడం.

సరే డోర్ తీశాం. పవర్ కేబుల్ పీకి, వెనక రెండు స్క్రూలు తీసి ఎడమ పక్క డోర్ వెనక్కి లాగితే వచ్చేస్తది. లోపల దుమ్ము సంగతి చెప్పకూడదు, ఒక బల్లి గుడ్డు కూడా దొరికింది. దుమ్ము దులపడానికి ఇంట్లో వాడే బ్లోయర్ చాలు, కానీ ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టండి, గాలికి ఫ్యాన్ గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుద్ది. వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు, స్టాటిక్ కరెంట్ వస్తది. తడిగుడ్డ పెట్టి తుడిచే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ళకో దండం.

ఆ సిస్టమ్‌లో ఉన్నది హెచ్81 రకం మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటి, 1 టీబీ హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీ అంటే లోపల తిరిగే భాగాలు లేని డిస్క్. అందులో బోర్డుకే నేరుగా గుచ్చే ఎన్‌వీఎంఈ రకానికి ఈ బోర్డులో స్లాటే లేదు కాబట్టి కేబుల్‌తో పెట్టే 2.5 ఇంచుల సాటా ఎస్ఎస్‌డీ తెచ్చాం. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది, హెచ్81 బోర్డుల్లో సాటా పోర్టులు నాలుగు ఉంటే వాటిలో రెండు 6 గిగాబిట్‌వి, రెండు 3 గిగాబిట్‌వి. పక్కన బోర్డు మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటది, సెల్ టార్చ్ వేసి చూడండి. నెమ్మది పోర్టుకి పెడితే ఎస్ఎస్‌డీ సగం స్పీడే ఇస్తది. మావాడి దాంట్లో స్పీడ్ పోర్టులు రెండిట్లో ఒకటి డీవీడీ డ్రైవ్‌కి పెట్టేసి ఉంది, ఆ డ్రైవ్ ఎప్పుడు వాడాడో వాడికే గుర్తులేదు, అది పీకేసి ఆ కేబులే ఎస్ఎస్‌డీకి పెట్టా.

స్పీడ్ లెక్క తెలియనివాళ్ళకి: మామూలు హార్డ్ డిస్క్ సెకనుకి 100 నుంచి 200 ఎంబీ చదువుద్ది, సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా, ఎన్‌వీఎంఈలో జెన్3 అయితే 3500 దాకా, జెన్4 అయితే 7000 దాకా. కానీ అసలు తేడా ఈ అంకెల్లో కాదు, హార్డ్ డిస్క్‌లో చిన్న చిన్న ఫైళ్ళు వెతకాలంటే ముల్లు అటూ ఇటూ తిరగాలి, ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు జరిగేదంతా ఈ చిన్న ఫైళ్ళ వెతుకులాటే. అందుకే హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి మారితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటది, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే మాత్రం మామూలు వాడకంలో పెద్దగా తెలీదు. ఆల్రెడీ సాటా ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్ళు ఎన్‌వీఎంఈ కోసం బోర్డు మార్చాల్సిన పనేం లేదు.

కొత్త డిస్క్‌లోకి పాతదంతా కాపీ చేయాలా, ఫ్రెష్‌గా విండోస్ వేయాలా అని అడుగుతారు. క్లోన్‌జిల్లా లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఉన్నదున్నట్టు కాపీ కొట్టొచ్చు గానీ పదేళ్ళ చెత్త కూడా కొత్తింట్లోకి వచ్చేస్తది, నా ఓటు ఫ్రెష్‌కే. ఫ్రెష్‌గా వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టి ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే విండోస్ బూట్ ఫైళ్ళు తీసుకెళ్ళి పాత డిస్క్‌లో పెట్టుద్ది, ఏడాది తర్వాత ఆ పాత డిస్క్ పోయిన రోజు కొత్త ఎస్ఎస్‌డీ బాగానే ఉన్నా సిస్టమ్ లేవదు. ఇది నేను అనుభవించి చెప్తున్నా, ఒక ఆదివారం మొత్తం పోయింది.

ర్యామ్ విషయానికొస్తే ఆ బోర్డుకి రెండు స్లాట్లే, మొత్తం 16 జీబీ దాకా పట్టుద్ది. డీడీఆర్3 కొత్తవి ఎందుకని వాడేసిన 8 జీబీ స్టిక్ ఒకటి తెచ్చి 4 పక్కన పెడితే 12 అయింది. కొనేముందు మీది డీడీఆర్3నా 4నా 5నా చూస్కోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు, మధ్యలో గాడి వేరే చోట ఉంటది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుద్ది. ఇంకో మాట, 2025 చివర్నించి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, ఏఐ సర్వర్ల కోసం కంపెనీలు మెమరీ అంతా అటు మళ్ళిస్తున్నాయి కదా. అందుకే ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులు ఉంటే పాత సామాన్లాయనకి వేయకండి బాబూ, దాచుకోండి.

అంతా అయ్యాక ఆన్ చేస్తే అర నిమిషంలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది, మా అత్తగారు కూడా వచ్చి చూసి "ఇదేంట్రా కొత్తది కొన్నారా" అన్నారు.

అయితే ఒక పీట ముడి ఉంది, విండోస్ 11. మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేశారు, 11 వేయాలంటే ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ గానీ, ఏఎండీ వాళ్ళ రైజెన్ 2000 సిరీస్ గానీ ఆపైది ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. మావాడి నాలుగో జనరేషన్ ఆ లెక్కలోకి రాదు. దొడ్డిదారిన వేసే పద్ధతులు ఉన్నాయి, చాలామంది వాడుతున్నారు, కానీ రేపు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఆగిపోతే మళ్ళీ నాకే ఫోన్ వస్తది కాబట్టి నేను వేయలేదు. ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి విండోస్ 10 మీదే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనిపిస్తది, దాంట్లో చేర్చా. ఆ తర్వాత విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ మింట్ వేద్దామని చెప్పా, యూట్యూబ్, మీసేవ అప్లికేషన్లు, పిల్లల ప్రాజెక్టు వర్కు, వీటికి అది చాలు.

ఇప్పుడు రెండో రకం వాళ్ళ సంగతి. వీడియో ఎడిటింగ్ చేస్తాం, పిల్లాడు గేమ్స్ ఆడతాడు, ఆఫీస్ వర్క్‌కి విండోస్ 11 తప్పనిసరి అనేవాళ్ళకి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి మార్చాల్సిందే. క్యాబినెట్, మానిటర్, హార్డ్ డిస్క్, కీబోర్డు పాతవే వాడుకోవచ్చు. మనోళ్ళు ఆ డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు కదా, షాపులో "సీపీయూ మార్చాలి" అంటే ఆయన మొత్తం డబ్బా అంటగడతాడు, ప్రాసెసర్ అని క్లియర్‌గా చెప్పండి.

అన్నిటికంటే ముందు సాకెట్ అర్థం చేస్కోవాలి. ప్రాసెసర్ కూర్చునే సీటు అన్నమాట, సీటు కుదరకపోతే ఎంత మంచి ప్రాసెసర్ అయినా వేస్ట్. ఏఎండీలో ఏఎం4, ఏఎం5 అని రెండు నడుస్తున్నాయి. ఏఎం4లో డీడీఆర్4, మొదటి రైజెన్లు 2017లో దీని మీదే వచ్చాయి. ఏఎం5 2022లో వచ్చింది, డీడీఆర్5 తప్ప వేరేది పట్టదు. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1700 సాకెట్‌కి 12, 13, 14 జనరేషన్లు మూడూ కూర్చుంటాయి, వీటికి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, కొనేటప్పుడు డబ్బా మీద చూస్కోవాలి. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్ డెస్క్‌టాప్ చిప్పులకి ఎల్‌జీఏ1851 అని మళ్ళీ వేరే సాకెట్.

ఆల్రెడీ బీ450 లాంటి ఏఎం4 బోర్డు మీద పాత రైజెన్ 3 ఏదో వాడుతున్నవాళ్ళు అదృష్టవంతులు, బోర్డు మార్చకుండా రైజెన్ 5 5600 దించేయొచ్చు. కానీ పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, అది తీసేశాక చేద్దామంటే స్క్రీనే రాదు. బయాస్ అప్‌డేట్ జరుగుతుండగా కరెంట్ పోతే బోర్డు చచ్చే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ మీద పెట్టి చేయండి, యూపీఎస్ లేకపోతే పక్కింట్లోంచైనా తెచ్చుకోండి, మధ్యాహ్నం ఈదురుగాలులప్పుడు అసలు మొదలెట్టకండి.

పూర్తిగా కొత్తగా కట్టేవాళ్ళకి నా అభిప్రాయం ఏంటంటే, గేమ్స్ లేకుండా ఇంటి పనులే అయితే రైజెన్ 5 5600జీ గానీ ఐ3-12100 గానీ డీడీఆర్4 బోర్డు మీద పెట్టుకుని హాయిగా ఉండండి. ఐదేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలి అనే ఆలోచన ఉంటే ఏఎం5, ఆ సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది, కాకపోతే డీడీఆర్5 రేటు చూస్కుని దిగండి. పేర్ల చివర అక్షరాలు గమనించండి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెట్టకపోతే స్క్రీన్ మీద చీకటే. రైజెన్ 5 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది, ఆ ఒక్క అక్షరం కోసం గొడవలయ్యాయి, రెండొందలు తక్కువని ఎఫ్ తెచ్చుకుని ఇంటికొచ్చి తల పట్టుకున్నవాళ్ళని చూశా.

ఎక్కడ కొనాలి అంటే హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళకి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది, సీటీసీ అంటే ఆటో ఆయన కూడా తీసుకెళ్తాడు. మొదటి షాపులోనే కొనొద్దు, కాయితం మీద మోడల్ నంబర్లతో సహా లిస్ట్ రాసుకెళ్ళి మూడు షాపుల్లో కొటేషన్ అడగండి. "8 జీబీ ర్యామ్" అని రాసుకెళ్తే ఏదో ఒకటి ఇస్తారు, "డీడీఆర్4 3200, 8 జీబీవి రెండు" అని రాయండి. జీఎస్‌టీ 18 శాతం ఉంటది, "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటారు, వద్దు, వారంటీకి వెళ్తే సీరియల్ నంబర్‌తో బిల్లు అడుగుతారు. బ్రాండెడ్ ఆఫీసు సిస్టమ్స్, డెల్ ఆప్టిప్లెక్స్ లాంటివి, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ఎనిమిదో జనరేషన్ పైది అయితే ఇంటి పనులకి బంగారం లాంటివి. కాకపోతే వాటి పవర్ సప్లై, బోర్డు ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి, రేపు పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే చిన్న డబ్బాలో దూరదు, పవరూ చాలదు. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్ళు ఆర్‌ఎక్స్ 580 అని చెప్పి ఇచ్చేది 2048ఎస్‌పీ కాదు కదా అని చూడండి, పేరు 580 అయినా లోపల సరుకు 570 స్థాయిదే.

ఎస్ఎంపీఎస్ గురించి, అంటే సిస్టమ్ మొత్తానికి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై డబ్బా గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి, దెబ్బ తిన్నవాణ్ణి. 2017లో నేను మొదటిసారి సొంతంగా కట్టినప్పుడు క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్ వాడా, పైన 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది, చేతిలో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉంది. ఎనిమిది నెలలకి ఒక రాత్రి ఠాప్‌మని శబ్దం, కాలిన వాసన, పోతూ పోతూ బోర్డుని, హార్డ్ డిస్క్‌ని కూడా తీసుకుపోయింది. షాపుకెళ్తే ఫ్రీగా వచ్చినదానికి వారంటీ ఏంటన్నా అన్నాడు. హార్డ్ డిస్క్‌లో మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు ఉన్నాయి. అప్పట్నించి ఏది తగ్గించినా ఇది తగ్గించను. కరెంట్ వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, పేరున్న కంపెనీ, కనీసం మూడేళ్ళ వారంటీ, ఇవి చూస్కుని 450 నుంచి 550 వాట్లది తీస్కోండి. లెక్క చూస్తే 65 వాట్ల ప్రాసెసర్, 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 కార్డు, మిగతావన్నీ కలిపినా 300 దాటదు, కాబట్టి 850 వాట్లది అమ్మజూస్తే నవ్వి ఊరుకోండి. ఇంకో ముఖ్యమైనది, కేబుళ్ళు ఊడొచ్చే మాడ్యులర్ రకం అయితే ఒక ఎస్ఎంపీఎస్ కేబుళ్ళు ఇంకోదానికి వాడకండి, మూతి కుదిరినా లోపల వైర్ల వరస వేరే ఉంటది, పెట్టగానే డిస్క్ కాలిపోద్ది.

ఇక బిగించడం. టేబుల్ మీద మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పెట్టుకుని మొదలెట్టండి, మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటా ఉండండి, ఒంట్లో స్టాటిక్ పోద్ది. ఫ్యాన్ కింద సిల్క్ చీరలు పరిచిన మంచం మీద కూర్చుని మాత్రం చేయకండి. కావాల్సిన సరుకు ఒక స్టార్ స్క్రూడ్రైవర్, కొనకి అయస్కాంతం ఉంటే మంచిది, స్క్రూలు వేయడానికి ఒక స్టీలు గిన్నె, అంతే.

ఇంటెల్ అయితే లివర్ ఎత్తి, ప్రాసెసర్ మూల మీద ఉన్న బంగారు రంగు త్రిభుజాన్ని సాకెట్ మీద గుర్తుతో కలిపి పైనుంచి అలా వదలాలి, నొక్కకూడదు. లివర్ మూసేటప్పుడు కొంచెం గట్టిగానే ఉంటది, భయపడకండి, నల్లటి ప్లాస్టిక్ మూత దానంతటదే ఎగిరొస్తది, దాన్ని దాచండి, బోర్డు ఎప్పుడైనా వారంటీకి పంపితే అది పెట్టే పంపాలి. ఏఎం4లో సూదులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఒక్కటి వంగినా తలనొప్పి. ఏఎం4లో పాత కూలర్ పీకేటప్పుడు ఇంకో ప్రమాదం, ఎండిన పేస్ట్ జిగురులా పట్టుకుని కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చేస్తది. పీకే ముందు సిస్టమ్ ఒక పావుగంట నడిపి వేడెక్కించి, ఆపి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతా వదులు చేసి అప్పుడు ఎత్తండి.

థర్మల్ పేస్ట్ కందిగింజంత చాలు, శనగగింజంత అయినా పర్లేదు, దోసెకి నూనె రాసినట్టు రాయక్కర్లేదు. కొత్త ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కి కింద బూడిద రంగు పేస్ట్ ముందే ఉంటది, దాని మీద మళ్ళీ వేయకండి, వేలితో ముట్టుకోకండి. విడిగా కొన్న కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ కాయితం ఉంటది, అది తీయకుండా బిగించి ఇంత వేడెందుకు వస్తుందిరా అని మూడ్రోజులు బుర్ర గోక్కున్న మనిషిని నేనే. ఇంటెల్ కూలర్‌కి నాలుగు మేకులు, ఎదురెదురు మూలల్లోవి జతగా నొక్కాలి, ఒక్కోటి టక్ మనాలి. నాలుగూ అయ్యాక బోర్డు ఎత్తి వెనకనుంచి చూడండి, నాలుగూ సమానంగా బయటికి వచ్చాయో లేదో. కూలర్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోట పెట్టాలి.

ర్యామ్ స్లాట్లు నాలుగు ఉంటే ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోదాంట్లో పెట్టండి, అప్పుడే రెండు స్టిక్కులూ డ్యూయల్ ఛానెల్‌లో పనిచేస్తాయి. మనం అనుకున్నదానికంటే గట్టిగా నొక్కాలి, క్లిక్ వినపడాలి. ఎం.2 ఎస్ఎస్‌డీ (బోర్డుకే గుచ్చే పల్చటి రకం) ఏటవాలుగా దూర్చి కిందికి వంచి చివర బుల్లి స్క్రూ వేయాలి, ఆ స్క్రూ కింద పడిందంటే వెతకడం శివుడి వల్ల కూడా కాదు, అందుకే గిన్నె అన్నా.

క్యాబినెట్‌లోకి దించే ముందు వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు పెట్టండి, అది మర్చిపోయి బోర్డు మొత్తం బిగించాక గుర్తొస్తే మళ్ళీ అన్నీ ఊడదీయాలి. బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు బోర్డు కన్నాలకి సరిగ్గా ఎదురుగానే ఉండాలి, కన్నం లేని చోట ఒకటి అదనంగా ఉంటే బోర్డు కింద తగిలి షార్ట్ అవుద్ది. వైర్లలో 24 పిన్నుల పెద్దది అందరూ పెడతారు, పైన ఎడమ మూలలో ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్నుల వైరు మర్చిపోతారు. గ్రాఫిక్స్ కార్డు 8 పిన్ను కూడా చూడ్డానికి అలాగే ఉంటది, కానీ అది 6 ప్లస్ 2గా విడిపోద్ది, ప్రాసెసర్‌ది 4 ప్లస్ 4గా విడిపోద్ది, అది గుర్తు. పవర్ బటన్ సన్న వైర్లు ఎక్కడ పెట్టాలో బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటది, ఎల్ఈడీ వైర్లకి మాత్రమే ప్లస్ మైనస్ చూడాలి, బటన్ వైర్లు ఎటు పెట్టినా పనిచేస్తాయి.

డోర్ మూయకుండానే ఆన్ చేసి చూడండి. స్క్రీన్ రాలేదా, కంగారొద్దు, పదిలో ఎనిమిదిసార్లు చిన్న కారణమే. వెనక ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆన్‌లో ఉందా? మానిటర్ వైరు బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా? ర్యామ్ తీసి దాని బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ గట్టిగా నొక్కారా? ఒక్క స్టిక్‌తోనే ప్రయత్నించారా? ఈమధ్య బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి, ఏది ఆరిపోకుండా వెలుగుతూనే ఉండిపోయిందో అక్కడే తేడా. ఏఎం5 అయితే మొదటిసారి ర్యామ్‌ని అలవాటు చేసుకోడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉంటది, పోయిందనుకుని ఆపకండి, వెళ్ళి నీళ్ళు తాగి రండి.

స్క్రీన్ వచ్చాక బయాస్‌లోకి వెళ్ళి ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ కొని 2133 మీద నడుపుతా ఉంటారు, చాలామంది ఏళ్ళ తరబడి అలాగే వాడతారు. విండోస్‌కి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, మైక్రోసాఫ్ట్ సైట్లో మీడియా క్రియేషన్ టూల్ ఉంది. బోర్డు కంపెనీ సైట్ నుంచి లాన్, వైఫై డ్రైవర్లు ముందే ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, విండోస్ 11 ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ లేకుండా ముందుకి కదలదు, ఇంటర్నెట్‌కేమో డ్రైవర్ కావాలి. ఇంకోటి, పాత సిస్టమ్‌లో విండోస్ డిస్క్‌కి తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బోర్డు మార్చగానే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుద్ది, ఆ 48 అంకెలు పని మొదలెట్టకముందే రాసి పెట్టుకోండి. విండోస్ లైసెన్స్ కూడా బోర్డుకే ముడిపడి ఉంటది, ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేసుకోండి.

చివరగా మన ఇళ్ళ కరెంట్. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందా, టెస్టర్ పెడితే వెలుగుద్దా? అది సిస్టమ్ తప్పు కాదు, మీ ప్లగ్‌కి ఎర్త్ లేదు. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు కొంచెం కరెంట్‌ని ఎర్త్ వైరుకి వదుల్తాయి, పోయే దారి లేక అది బాడీకొస్తది. మూడో పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్ళు, మూడు పిన్నులని రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడేవాళ్ళు ఇకనైనా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇన్వర్టర్ మీద నడిపితే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, అది వేస్తే కరెంట్ పోయినప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అవ్వకుండా త్వరగా మారుద్ది. మా ఖమ్మంలో మే నెలలో గదిలోనే 40 ఉంటది, అప్పుడు ప్రాసెసర్ లోడ్‌లో 80 చూపించినా కంగారు పడను, 95 దాటి అక్కడే ఉంటే మాత్రం దుమ్ము దులిపి పేస్ట్ మారుస్తా. టైమ్ రోజూ వెనక్కిపోతుంటే బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 సెల్ మార్చండి, గడియారాల షాపులో దొరుకుద్ది, దానికి బోర్డు పోయిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

మావాడి పాత హార్డ్ డిస్క్ పారేయలేదు, డిస్క్ బాగుందో లేదో చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో హెల్త్ గుడ్ అని చూపించింది కాబట్టి సాటా పోర్ట్ ఇంకోటి ఉంది కదా అని దానికే పెట్టి ఫొటోలు, సినిమాలు అందులో ఉంచా, ఫొటోలు మాత్రం ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కూడా కాపీ చేయించా. ఐ7 అమ్ముతానన్న షాపాయన ఇంకా ఫోన్లు చేస్తున్నాడంట.